పట్టణపు పద్దు – ఇంటి బిందె

(ప్రసంగ పాఠము)

సంసారము నడుపు ఇల్లాలికి లెక్కలు ఎవరును నేర్పనక్కరలేదు. చేతిలో డబ్బు తగ్గినప్పుడు ఆమె మొదట పండుగ చీర మానుకొనును. తరువాత పిండివంటలు మానును. చివరకు తన కంచములోని అన్నము తగ్గించుకొనును. పసివాని పాలు మాత్రము తగ్గనీయదు. ఈ వరుసను ఆమెకు ఏ అర్థశాస్త్రమును బోధింపలేదు.

పట్టణము కూడ ఒక పెద్ద సంసారమే. దానికిని ఆదాయమున్నది, వ్యయమున్నది, తీర్చవలసిన అప్పులున్నవి, రావలసిన బాకీలున్నవి. ఆ పద్దునే మనము బడ్జెటు అనుచున్నాము. ఆదాయము చాలనినాడు అచ్చటను ఏదో ఒకటి తగ్గింపక తప్పదు. అయితే ఈ పెద్ద సంసారములో పండుగ చీర ఏది? పసివాని పాలు ఏవి? ఆ వరుసను నిర్ణయించువారు ఎవరు? ఈ ప్రశ్నలను నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములను దృష్టిలో ఉంచుకొని ఆలోచింపవలెనని నా ఉద్దేశము.

ఈ ప్రాంతములను ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు. ఉమ్మడి నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు రాతినేలపై నిలిచిన మెట్టసీమలు. కృష్ణానది వీటి దక్షిణపు అంచున ప్రవహించుచున్నది; కాని నది పల్లములో ఉన్నది, ఊళ్లు మెరకలో ఉన్నవి. నాగార్జునసాగరపు నీటిని పుట్టంగండి వద్ద పంపులతో ఎత్తి, అక్కంపల్లి జలాశయమునకు చేర్చి, అచ్చటినుండి కాలువలమీదుగా నల్లగొండ దరినున్న పానగల్లు ఉదయసముద్రమునకు తెచ్చుచున్నారు. కందూరి చోడుల కాలమునాటి ఆ చెరువు వానను నమ్ముకొని పుట్టినది. నేడు పంపును కూడ నమ్ముకొనవలసి వచ్చినది. అక్కంపల్లినుండియే 2004 మొదలు కృష్ణాజలము హైదరాబాదు నగరమునకును పోవుచున్నది. మహబూబునగరమునకు చాలకాలము జూరాల ఎడమ కాలువపైనున్న రామన్‌పాడు ఆధారముగా ఉండెను. నల్లా ఎప్పుడు వచ్చునో తెలియక, వచ్చిన గంటలో ఇంటిల్లిపాదియు పనులు మాని నీళ్లు పట్టుకొన్న దినములు ఆ పట్టణములోని పెద్దలకు ఇంకను జ్ఞాపకమే.

ఇచ్చట ఒక చిన్న లెక్క చెప్పెదను. వేయి లీటర్ల నీటిని 100 మీటర్ల ఎత్తునకు చేర్చుటకు, యంత్రములోని నష్టములను కలుపుకొని, సుమారు 0.4 యూనిట్ల విద్యుత్తు కావలెను. మిషన్ భగీరథ పథకములో మునిసిపాలిటీలకు మనిషికి దినమునకు 135 లీటర్లు అను ప్రమాణము పెట్టినారు. ఆ లెక్కన లక్షమంది గల పట్టణమునకు దినమునకు 1 కోటి 35 లక్షల లీటర్లు కావలెను. దానిని 100 మీటర్లు ఎత్తుటకే దాదాపు 5,400 యూనిట్లు ఖర్చగును. కాలువ గట్టున వెలసిన ఊరికిని మన ఊరికిని ఇదియే భేదము. ఇచ్చట బిందెలోని ప్రతి చెంబు వెనుకను ఒక విద్యుత్తు బిల్లు ఉన్నది. అందుచేత బడ్జెటు కుదించునప్పుడు అందరి చూపును మొదట నీటిమీదనే పడును.

ఇట్టి పట్టణములో ఒక వార్డు సభ జరుగుచున్నదని అనుకొందము. ఊరి పేరు చెప్పనక్కరలేదు. మాటలు మనకు పరిచితములే. ఆదాయము తగ్గినది, బిల్లులు పేరుకొన్నవి, ఏమి చేయుదమని ప్రశ్న. ఒక విశ్రాంత ఉద్యోగి లేచి, "దినం ఇడిచి దినం నల్లా ఇడిస్తే సరిపోదా? కరెంటు బిల్లు సగమైతది గదా" అనును. వెనుక వరుసలోని ఒక కూలి తల్లి ఊరకుండదు: "రెండు దినాల నీళ్లు ఏడ పట్టి పెట్టాలె సారూ? మీకు సంపు ఉన్నది, మోటరు ఉన్నది. మా ఇంట్ల ఉన్నయి నాలుగు బిందెలు." అంతట ఒక వ్యాపారి, "నీళ్ల జోలికి పోకుండ్రి. సఫాయోళ్లను కొందర్ని తగ్గియ్యుండ్రి" అని సలహా చెప్పును. తలుపు దగ్గర నిలుచున్న సఫాయి కార్మికుడు మెల్లగా అనును: "శేటూ, మనుషుల్ని తగ్గిస్తే బజారు మోరీ తప్పకుంట తీపిస్తరు. తప్పేది మా గల్లీ మోరీనే." ఆ మాటకు సభ ఒక నిమిషము నిశ్శబ్దమగును. పిమ్మట, మునిసిపాలిటీలో కొత్తగా కలిసిన పల్లె యువకుడు లేచును: "మా ఊరు మీల కలిసినంక ఇంటిపన్ను పెరిగింది, ఉపాధిహామీ పని పోయింది. ఒచ్చింది వీధిలైటొక్కటే. అది గూడ తీసేస్తరా?"

ఈ ఐదుగురిలో ఎవరును దుర్మార్గులు కారు. ఎవరికి కనబడు పట్టణమును వారు చెప్పుచున్నారు. 2018లో తెలంగాణములో అనేక గ్రామములు పట్టణములలో కలిసినవి. హాలియా, చిట్యాల, కొత్తకోట, పెబ్బేరు వంటి ఊళ్లు మునిసిపాలిటీలైనవి. గ్రామీణ ఉపాధి పథకము పట్టణములకు వర్తింపదు గనుక ఆ యువకుని మాటలో అతిశయోక్తి లేదు. విశ్రాంత ఉద్యోగి మాటలోను కొంత నిజమున్నది. బిల్లు చెల్లింపక పంపు నడవదు. కాని ఈ సభలో ఒక సత్యము మరుగున పడుచున్నది. దానిని చెప్పుటకే నేటి ప్రసంగము.

అత్యవసరమైన సేవలో తగ్గింపు అనునది లేదు. బదిలీ మాత్రమే ఉన్నది. పట్టణపు పద్దులో ఒక రూపాయి తగ్గినచో, ఆ రూపాయి మాయమై పోదు. అది ఏదో ఒక ఇంటి పద్దులో పుట్టును. పెక్కుసార్లు రెండు రూపాయలై పుట్టును. అదియు ఓర్చుకొనలేని ఇంటిలోనే పుట్టును. నల్లా దినము విడిచి దినము వచ్చినచో సంపు గల యింటికి లోటు లేదు. అద్దెగదిలోని సంసారము మంచినీళ్ల క్యాను కొనవలెను, లేక ట్యాంకరు వద్ద నిలువవలెను, లేక ఒక మనిషి కూలి పోగొట్టుకొని నీళ్లకు కాపుండవలెను. ఇంకొక సంగతి: ఖాళీయైన గొట్టములో పీడనము ఉండదు. అది మోరీ ప్రక్కన పగిలియున్నచో మురుగును లోనికి పీల్చుకొనును. మరునాడు నల్లా విప్పినప్పుడు ఆ మురుగే మొదటి బిందెలోనికి వచ్చును. పట్టణమునకు మిగిలిన విద్యుత్తు బిల్లు వైద్యుని బిల్లుగా మారుట ఇట్లు.

నల్లగొండవారికి ఈ బదిలీ సంగతి పుస్తకములలో చదువనక్కరలేదు. నల్లాలో నీరు లేనినాడు మనిషి బోరింగు వద్దకు పోవును. ఈ నేలలోని రాతిపొరలనుండి ఊరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. మర్రిగూడ మొదలైన చోట్ల ఆ హద్దు ఎంతగానో దాటినది. పండ్లు గారపట్టుట, నడుము వంగిపోవుట, కీళ్లు బిగిసిపోవుట – ఈ బాధలను తరతరములు అనుభవించినవి. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకములో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించినది. దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. ఊరి పేరు దేశదేశములలో వినబడినది. కాని ఏ కారణమున వినబడినదో తలచినప్పుడు మనసు చివుక్కుమనును. వంగిన నడుమునకు ఏ బడ్జెటులోను పద్దు లేదు. లేనందుననే మంచినీటి ఖర్చు పెద్దదిగా కనబడును.

ఆ నడుములే ఒకనాడు దేశము దృష్టిని ఆకర్షించినవి. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలిచినారు. వారిలో పెక్కుమంది గెలువవలెనని నిలిచినవారు కారు; తాగునీటికి, సాగునీటికి కృష్ణాజలము కావలెనని జల సాధన సమితి తరపున నామినేషన్లు వేసినవారు. బ్యాలెట్టు పత్రము కాగితముగా చాలక పుస్తకమైనది. ఎన్నికలో బొమ్మగాని ధర్మభిక్షము గారు గెలుపొందిరి. బడ్జెటు పద్దులో తమ పేరు లేనివారు బ్యాలెట్టు పత్రములో తమ పేరు వ్రాసుకొన్న సంఘటన అది.

పొదుపు పేర నీటిని ముట్టుకొన్నచో ఏమగునో ఇటీవలి ప్రపంచ చరిత్రలోను ఒక గుణపాఠము కలదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున ఫ్లింట్ అను పట్టణము ఉన్నది. అప్పటికి దాదాపు లక్ష జనాభా. ఆర్థికముగా చితికిపోగా, ఎన్నికైన నగరసభ చేతినుండి అధికారమును తీసి, రాష్ట్ర ప్రభుత్వము తాను నియమించిన అధికారికి అప్పగించినది. ఖర్చు తగ్గునని 2014 ఏప్రిలులో డెట్రాయిట్‌నుండి కొనుచున్న నీటిని మాని, ఊరి నది నీటిని గొట్టములలోనికి వదలినారు. గొట్టములు తినిపోకుండ కలుపవలసిన మందు కలుపలేదు. సీసము నీటిలో కలిసినది. పసిపిల్లల రక్తములో కనబడినది. నీరు రంగు మారినదని, వాసన వచ్చుచున్నదని తల్లులు సీసాలు చేతబట్టుకొని సభలకు వచ్చి చెప్పినను చాలకాలము విన్నవారు లేరు. 2015 అక్టోబరులో మరల పాత నీటికే పోవలసి వచ్చినది. తరువాత బాధితులకు చెల్లింపవలసిన పరిహారము 60 కోట్ల డాలర్లు దాటినది. పొదుపు ఏమైనట్లు?

అయితే పట్టణములకు డబ్బు ఎక్కడినుండి వచ్చును? ఇంటిపన్ను, నల్లా బిల్లు, దుకాణముల అద్దెలు, అనుమతి రుసుములు – ఇవి సొంత ఆదాయము. మిగిలినది పైనుండి రావలెను. ఒకప్పుడు వృత్తిపన్ను స్థానిక సంస్థలదే. 1987 చట్టముతో రాష్ట్రము చేతికి పోయినది. 2017 జూలైలో వచ్చిన జి.ఎస్.టి. పరోక్ష పన్నులను పెక్కింటిని తనలో కలుపుకొన్నది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చి, పట్టణములు చూడదగిన 18 విషయములను పన్నెండవ షెడ్యూలులో చేర్చినది. వాటికి తగిన డబ్బును మాత్రము రాష్ట్రముల చిత్తమునకు విడిచినది. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి ఆరంభించినప్పుడు నెలనెల నిధుల పద్ధతి వచ్చినది. 15వ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు చిన్న పట్టణములకు ఇచ్చిన నిధులలో 60 శాతమును తాగునీటికి, పారిశుధ్యమునకే ముడిపెట్టినది. పసివాని పాలకు వేరుగా డబ్బు కట్టి ఇచ్చినట్లని దాని భావము. పై నిధి ఒక నెల ఆలస్యమైనచో క్రింద సఫాయి కార్మికుని జీతము ఆలస్యమగును. కనుక పట్టణసభలు "మా చేతులు కట్టివేసినారు" అని మొరపెట్టుకొనుటలో న్యాయమున్నది.

చేతులే కాదు, ఒక్కొక్కప్పుడు నోరును ఉండదు. 2020 జనవరిలో ఎన్నికైన మునిసిపల్ పాలకవర్గముల ఐదేండ్ల గడువు 2025 జనవరిలో ముగిసినది. వెంటనే ఎన్నికలు జరుగక ప్రత్యేకాధికారులు బాధ్యతలు చేపట్టిరి. అధికారి ఎంత సమర్థుడైనను, "మా గల్లీ మోరీ తప్పుచున్నది" అని గల్లీ తరపున అడుగు సభ్యుడు లేని బడ్జెటు ఒక కన్ను మూసుకొన్న బడ్జెటే. ఫ్లింట్ కథలో మనము గుర్తుంచుకొనవలసిన భాగము ఇది.

పాలకులను అడుగు హక్కు గల మనము మన వంతును కూడ చూచుకొనవలెను. 75 చదరపు గజములలోపు పేదవాని ఇంటికి ఏడాదికి 100 రూపాయలే పన్ను అని 2019 చట్టము వచ్చినప్పుడు నిర్ణయించినారు; అది ధర్మమే. ఏప్రిలులోనే ఏడాది పన్ను కట్టినవారికి 5 శాతము తగ్గింపు ఇచ్చు పద్ధతియు ఉన్నది. బాకీకి నెలకు 2 శాతము వడ్డీ. 2022లో ఆ వడ్డీలో 90 శాతమును మాఫీ చేసినారు. మాఫీ వచ్చునని కాచుకొని కూర్చున్న పెద్దయింటివాడు లాభపడినాడు. పుస్తె తాకట్టు పెట్టియైనను గడువులో కట్టిన పేదవాడు నష్టపోయినాడు. ఊరి బాకీని తీర్పకుండ ఊరి మోరీని విమర్శించుటకు మనకు నోరెట్లు వచ్చును?

"డబ్బు లేక సేవ తగ్గక తప్పదు" అనువారికి మన ప్రాంతములోనే సమాధానము దొరకును. అప్పుడు నల్లగొండ జిల్లాలోని పట్టణమైన సూర్యాపేటలో 2003 ప్రాంతమున కమిషనరుగా ఉన్న ఎస్.ఎ. ఖాదర్ సాహెబు గారు చెత్తకుండీలు లేని ఊరిని చేయబూనిరి. లక్ష జనాభా గల ఊరది. ఇంటింటివద్ద తడిచెత్త, పొడిచెత్త వేరుగా తీసికొనుట, ఏ మనిషి ఏ వీధి ఊడ్వవలెనో స్పష్టముగా నిర్ణయించుట, తడిచెత్తను వానపాములతో ఎరువు చేయుట, పొడిచెత్తను అమ్ముట – ఇవే అచ్చటి మంత్రములు. దీనికై పైనుండి ప్రత్యేక నిధి రాలేదు. ఉన్న మనుషులను తగ్గింపలేదు, పనిని సరిదిద్దినారు. చెత్త ఖర్చు పద్దులోనేకాక ఆదాయపు పద్దులోను కనబడినది. దేశములోని ఇతర పట్టణములవారు వచ్చి చూచిపోయినారు. పొదుపునకును కోతకును గల భేదము ఇది. కోతకు కత్తెర చాలును. పొదుపునకు బుద్ధియు శ్రమయు కావలెను.

నీటి విషయములోను ఇదే న్యాయము. ఇందాకటి లెక్కలో నాలుగవ వంతు నీరు పగిలిన గొట్టములలో కారిపోవుచున్నదనుకొనుడు. అనగా దినమునకు 1,350 యూనిట్ల విద్యుత్తు మట్టిపాలగుచున్నది. దినము విడిచి దినము నల్లా కట్టివేయుటకంటె ముందు ఆ గొట్టములను వెదకి అతుకవలెను. అరిగిన పంపులను మార్చవలెను. తరువాత పండుగ చీరల వంతు: స్వాగత తోరణములు, ఏటేట రంగులు మార్చు గోడలు, సన్మానములు, అవసరము లేని ప్రారంభోత్సవములు. ఇవన్నియు ఒక ఏడు ఆగినచో ఎవరి నడుమును వంగదు. సఫాయి కార్మికుని జీతము, మంచినీరు, మోరీ, చెత్త, ఊరి చివరి వీధిదీపము – ఇవి పసివాని పాలు. వీటిని చివరివరకు ముట్టుకొనరాదు.

ఈ వరుసను నిర్ణయించుటలో మనకు చోటు లేదని నిరుత్సాహపడనక్కరలేదు. 2019 చట్టము ప్రకారము ప్రతి వార్డునకును యువజనులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అను నాలుగు కమిటీలు, ఒక్కొక్కదానిలో 15 మంది చొప్పున ఏర్పరచినారు. కమిటీలో పేరుండుట వేరు, పద్దు చదువుట వేరు. బ్రెజిల్ దేశపు పోర్టో అలెగ్రె నగరములో 1989 నుండి ప్రజలే వాడవాడల సభలు చేసి కొత్త పనుల వరుసను నిర్ణయించిరి. కేరళములో 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమము గ్రామసభలను అట్లే కదిలించినది. అచ్చటివారు మనకంటె వేరు మనుషులు కారు. పద్దు తమదని నమ్మినవారు, అంతే.

కాబట్టి ఈసారి వార్డు సభకు పోయినప్పుడు "ఎంత తగ్గించుచున్నారు?" అని మాత్రమే అడుగక మూడు ప్రశ్నలు అడుగవలసినదని నా మనవి. తగ్గించిన రూపాయి ఎవరి ఇంటి పద్దులో తేలును? దానికి ముందు వృథాను ఆపినారా? ఈ నిర్ణయము వలన నష్టపోవువారు ఈ సభలో ఉన్నారా, ఉండి మాటాడినారా?

ఇందాకటి సభలో ఆ కూలి తల్లి చెప్పిన నాలుగు బిందెలు గుర్తున్నవి కదా. పట్టణపు బడ్జెటు ఎన్ని కోట్లదైనను దానిని కొలుచుటకు ఆ నాలుగు బిందెలకు మించిన కొలత లేదు. అవి నిండిననాడు పద్దు కుదిరినట్లు. అవి నిండనినాడు, కాగితముమీద లోటు లేకున్నను, ఊరిలో లోటున్నట్లే.